గవరయ్య సీసా - పూర్ణమ్మ కొలను

దయ్యాలతో అభ్యుదయ రచయితకు పని ఏమిటి? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: అవి లేవని చెప్పడమే పని. ఆ సమాధానం తప్పు కాదు, కాని అది సగమే. దయ్యం లేదు, నిజమే. దయ్యమున్నదన్న నమ్మకం మాత్రం ఉన్నది. ఆ నమ్మకం ఒక నేల మీద, ఒక ఋతువులో, ఒక రకమైన మనుషుల బ్రతుకుల్లో పుట్టి పెరిగింది. దాని పుట్టుక చెప్పకుండా లేదు పొమ్మంటే నమ్మేవాడు నమ్మడం మానడు, మన మాట వినడం మాత్రం మానేస్తాడు.

ఇంకొక పక్షం కూడా ఉంది. జాతర, తీర్థం, పేరంటాలు, పోతురాజు - ఇవన్నీ మన పూర్వుల విజ్ఞానమే గనుక ప్రశ్న లేకుండా తలకెత్తుకోవాలంటారు వారు. ఈ పక్షానికి ఈనాడు బలం ఎక్కువ. మొదటి పక్షం కథను చెత్తబుట్టలో వేస్తే రెండవ పక్షం గాజు బీరువాలో పెడుతుంది. రెండుచోట్లా కథ నోరు మూతపడుతుంది. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఆ నోటిని. అందుకు నేను తీసుకొన్న నేల విజయనగరం, శ్రీకాకుళం సీమ. కాలం శరత్తు. సాక్షి గురజాడ అప్పారావుగారు.

ముందు కాలం సంగతి. శరత్తు అనగానే మన పద్యకవులకు వెన్నెల, రెల్లుపూలు, తేరిన నీరు జ్ఞాపకం వస్తాయి. పల్లెజనానికి జ్ఞాపకం వచ్చేవి వేరు. వరుసగా నాలుగు అమావాస్యలు చూడండి. శ్రావణ మాసాంతాన వచ్చేది పోలాల అమావాస్య. ఆనాడు తల్లులు చెప్పుకొనే కథ ఏటేటా బిడ్డలను పోగొట్టుకొన్న ఒక ఇల్లాలిది. బిడ్డ పోయిన దుఃఖానికి తోడు తోడికోడళ్ళ నిందలు మోసి, చివరకు పోలేరమ్మ దయతో పోయిన బిడ్డలందరినీ తిరిగి పొందుతుంది ఆమె. ఆ అమావాస్య వెళ్ళగానే శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర. భాద్రపద మాసాంతాన వచ్చేది మహాలయ అమావాస్య. పితృదేవతలు ఇంటి గుమ్మాల దగ్గరికి వచ్చి నిలుచునే పక్షం అది. ఆశ్వయుజ మాసాంతాన దీపావళి. కార్తిక మాసాంతపు అమావాస్య దాటిన తెల్లవారుజామున పోలి పాడ్యమి.

ఈ నాలుగింటిలోనూ మరణించినవారో, మరణం అంచుదాకా తరుమబడినవారో ఉన్నారు. ఇది కాకతాళీయం కాదు. వానలు వెనుకబట్టే రోజుల్లో నీరు నిలిచి దోమలు ముసురుతాయి, జ్వరాలు వస్తాయి. పాత గింజలు అడుగంటుతాయి, కొత్త పంట ఇంకా పొలంలోనే ఉంటుంది. ఒంటిలో రోగమూ గాదెలో లేమీ ఒక్కసారి కలిసే కాలం ఇది. శార్ఙ్గధరుని వైద్యగ్రంథం కార్తికంలో కడపటి ఎనిమిది రోజులకూ మార్గశిరంలో మొదటి ఎనిమిది రోజులకూ యమదంష్ట్ర అని పేరు పెట్టింది. దేవీభాగవతం శరద్వసంతాలు రెంటినీ యముని కోరలుగానే చెప్పి, నవరాత్రి పూజకు అదే కారణమన్నది. నిండు నూరేళ్ళని దీవించవలసివచ్చినప్పుడు వేదకాలపు మనిషి నూరు శరత్తులు బ్రతుకుమన్నాడు. శరత్తు దాటితే ఏడాది గడిచినట్టే. కాబట్టి ఈ ఋతువులో చనిపోయినవారు జ్ఞాపకం రావడానికి పురాణం అక్కరలేదు. పురాణం తరువాత వచ్చింది, చావు ముందు వచ్చింది.

దీపావళినే తీసుకొందాం. ఈనాడు అది టపాకాయల పండుగ. సత్యభామ నరకుణ్ణి చంపిన కథ బడిపుస్తకాల్లోకి ఎక్కింది. కాని మన వైపు సంధ్యవేళ పిల్లలచేత చేయించే తంతుకు నరకాసురుడితో పని లేదు. గోగు కాడలకు నూనెలో తడిపిన గుడ్డ చుట్టి, వెలిగించి, వీధిలోకి తెచ్చి పాట పాడుతూ నేలకు కొట్టిస్తారు. వెనక్కి చూడకుండా ఇంట్లోకి రమ్మంటారు. కాళ్ళు కడిగి నోట్లో తీపి పెడతారు. నేనూ చిన్నప్పుడు కొట్టినవాణ్ణే. వెనక్కి ఎందుకు చూడకూడదని అడిగితే పెద్దలు నవ్వి ఊరుకొనేవారు. కాళ్ళు కడగడం, వెనక్కి చూడకపోవడం ఏ సందర్భంలో చేస్తామో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. అది శ్మశానం నుంచి తిరిగివచ్చే మనిషి నడక.

శాస్త్రకారులు దీనికి ఉల్కాదానమని పేరు పెట్టారు. మహాలయానికి వచ్చిన పితరులు తిరిగి తమ లోకానికి పోయే దారిలో వెలుగు చూపడం దాని ప్రయోజనమన్నారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే ఇదే తంతు ఇంకా తేటగా కనబడుతుంది. అక్కడ అదేరోజు సాయంత్రం జనుము జాతి కాడలు వెలిగించి పెద్దలను పేరుపెట్టి పిలిచి, చీకటిలో వచ్చినవారిని వెలుగులో వెళ్ళిరమ్మంటారు. మనవైపు పిలుపు పోయింది, కాడ మిగిలింది.

ఆ కాడ గోగుదే ఎందుకైంది? మన రెండు జిల్లాలలో గోగు నారకోసం వేసే పంట. చెరువుల్లో నానబెట్టి నార ఒలిచినాక మిగిలిన ఎండుకాడ ఖర్చులేని వంటచెరకు. సరిగ్గా ఈ రోజుల్లోనే అది ప్రతి పల్లెలోనూ గుట్టలుగా పడి ఉంటుంది. నార నెల్లిమర్ల మిల్లుకో చిట్టివలస మిల్లుకో పోయేది, పుల్ల రైతుకు దక్కేది. తనకు దక్కిన పుల్లతో తన పెద్దలకు దారి చూపించుకొన్నాడు పేదవాడు. ఆచారానికి ఆధారం మంత్రంలోనే కాదు, పంటలో కూడా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటె మంచి దృష్టాంతం నాకు కనబడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ నాలుగు అమావాస్యల నడుమ, విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మొదటి మంగళవారం, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. అమ్మవారు పూజారికి కలలో కనబడి చెప్పిన చోట చింతమాను వెదికి, కొట్టి, యాభై అడుగులు దాటిన ఆ మానును బండికి కట్టి, దాని కొనను పీట అమర్చి పూజారిని కూర్చోబెడతారు. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం అరటిపండ్లు విసురుతారు. అంతకు ముందురోజు తొలేళ్ళు. ఆ రాత్రి రైతులకు ధాన్యపు గింజలు పంచుతారు. వాటిని తమ విత్తనాలలో కలుపుకొంటారు రైతులు.

ఈ తల్లి ఎవరు? జనం చెప్పే కథ ప్రకారం ఆమె విజయనగరం ప్రభువు విజయరామరాజుకు చెల్లెలు. బొబ్బిలిమీదికి యుద్ధానికి పోవద్దని అన్నను వేడుకొన్నది. అన్న వినలేదు. అన్నకు ఆపద రానున్నదని మనసుకు తోచి, మశూచితో ఉన్న మనిషి కూడా, బయలుదేరింది. దారిలోనే అన్న మరణవార్త విని కుప్పకూలింది. తన ప్రతిమ పెద్దచెరువులో దొరుకుతుందని పతివాడవారికి చెప్పి కన్నుమూసింది. బెస్తలు వలవేసి ప్రతిమను పైకి తీశారు. అందుకే ఊరేగింపులో ఈనాటికీ వారి వల ముందు నడుస్తుందంటారు. దొరికినచోట వనంగుడి కట్టారు.

యుద్ధం మాత్రం కథ కాదు, చరిత్ర. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో విజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించాడు. కోట నిలవదని తేలినప్పుడు లోపలి ఆడవారినీ పిల్లలనూ శత్రువు చేత చిక్కనీయరాదని వారి మగవారే చంపివేశారు. తరువాత తాండ్ర పాపారాయుడు శిబిరంలో చొరబడి విజయరామరాజును చంపాడు. దీనిమీద వెలసిన బొబ్బిలి కథ తరతరాలు పాడుకొన్నాం. 1964లో ఒకటి, 1986లో ఒకటి సినిమాలు కూడా తీసుకొన్నాం. ఈ కథనంతా ఏలేది పాపారాయుడి కత్తి. కోటలో చంపబడిన స్త్రీలు ఆ వీరత్వానికి అలంకారంగా మిగిలారు.

నేను పాఠకుల దృష్టికి తేదలచినది ఇక్కడే ఉన్నది. అదే యుద్ధం గురించి రెండు కథలు పుట్టాయి. ఒకటి గెలుపు ఓటముల కథ. దాన్ని మగవారు మగవారికోసం పాడారు. రెండవది, వద్దన్న ఆడపిల్ల కథ. దానికి వీరగాథలో చోటు లేదు. అందుచేత అది గుడిలో చోటు వెదుక్కొన్నది. రాజు మరణానికి ఏటా ఊరు కదలదు. రాజు వినని మాటకు కదులుతుంది. ఆ ఊరేగింపు కోటదాకా పోయి తిరిగివస్తుంది, మూడుసార్లు. వద్దన్న పిల్ల తన అన్న గుమ్మం దగ్గరికి ఏటా మూడుసార్లు వచ్చి నిలబడుతున్నదన్నమాట. ఇది రాజభక్తి ఉత్సవమని వ్యాఖ్యానించేవారున్నారు. సంస్థానం దాన్ని అలా వాడుకొన్నదనడంలో సందేహం లేదు. కాని జనం దాచుకొన్న కథలో భక్తి తల్లిమీద. రాజుమీద ఉన్నది నింద.

తెలుగుదేశమంతటా పేరంటాళ్ళు ఉన్నారు. సహగమనం చేసినవారు, కాన్పులో పోయినవారు, అత్తవారింట చంపబడినవారు, నూతిలో పడినవారు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ కథా అటువంటిదే. బ్రతికి ఉన్నప్పుడు పిడికెడు మెతుకులు కరువైన కోడలికి చచ్చినాక పొంగళ్ళు పెట్టడం ఏమి ధర్మమని మన హేతువాద మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు: అది ధర్మం కాదు, భయం. కాని ఆ భయంలో ఒక ఒప్పుకోలు ఉంది. ఈమెకు మనం అన్యాయం చేశామని ఊరు ఒప్పుకొంటున్నది. న్యాయస్థానం లేనిచోట, పంచాయతీలో ఆడదానికి నోరు లేనిచోట, ఊరు తన నేరాన్ని వ్రాసుకొన్న దస్తావేజు దయ్యం.

శరత్తు చివర వచ్చే పోలి కథ కూడా ఈ దస్తావేజుల్లో ఒకటి. అత్తగారు మిగతా కోడళ్ళను వెంటబెట్టుకొని ఏటికి దీపాలు వదలడానికి పోతూ, చిన్నకోడలు పోలికి చమురూ వత్తీ అందకుండా దాచిపెడుతుంది. పోలి రాలిన దూదితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టి, ఎవరికంటా పడకుండా బుట్ట మూస్తుంది. విమానం వచ్చి బొందితో స్వర్గానికి తీసుకుపోతుంది. అరటిదొప్పల్లో దీపాలు వదిలే ఆడవారు దీన్ని పుణ్యకథగా చెప్పుకొంటారు. నేను దీన్ని ఇంకొక విధంగా చదువుతాను. వెలుతురు మీద కూడా యజమానురాలి హక్కు నడిచే ఇంట్లోనుంచి కోడలికి బయటపడే తోవ ఒకటే ఉన్నది, అది పైకి. స్వర్గమన్న మాట తీసివేస్తే మిగిలేదేమిటో ఆలోచించండి. ఆడవారు ఆ మాట ఎందుకు తీసివేయలేదో కూడా ఆలోచించండి.

ఇప్పుడు గురజాడ దగ్గరికి పోదాం. విజయనగర సంస్థానంలో ఉద్యోగం చేసి, ఆ ఊళ్ళోనే 1915లో కన్నుమూసిన అప్పారావుగారు దయ్యాన్ని రెండు విధాల చిత్రించారు. మన విమర్శ ఈ రెంటినీ విడివిడిగా మెచ్చుకొన్నది. పక్కపక్కన పెట్టి చూడడం తక్కువ.

మొదటిది 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య ఘట్టం. డబ్బిచ్చి కొనుక్కొన్న పెళ్ళికూతురు మాయమైపోగా లుబ్ధావధాన్లు ఇల్లు దయ్యాల భయంతో వణికిపోతుంది. పిల్లకు వెనుకటి మొగుడొకడున్నాడని, వాడు దయ్యమై వచ్చి పీక్కుతింటున్నాడని ముసలాడికి పీడకల. భూతవైద్యుడు గవరయ్య వచ్చి దయ్యాలను పట్టి సీసాలో బిగించానంటాడు. చూసేవాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాడు. ఎందుకు? మాయమైనది దయ్యం కాదనీ, ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడనీ ప్రేక్షకుడికి ముందే తెలుసును గనుక.

ఇక్కడ ఆగి చూడవలసినది ఒకటున్నది. ఆ వేషం దేనికోసం? సుబ్బి అనే పసిపిల్లను ముసలివాడికి అమ్మకుండా కాపాడడంకోసం. అంటే ఈ 'దయ్యం' ఒక ఆడపిల్ల ప్రాణానికి అడ్డువేసిన వేషం. వెనుకటి మొగుడి పీడకలో? అది డబ్బుతో కొన్న పెళ్ళిలోనుంచి లేచిన దయ్యం. శుల్కం లేకపోతే ఆ పీడకల లేదు. 1892లో మొదట ఆడి, 1909లో కొత్త రూపుతో అచ్చయిన ఆ నాటకంలో గురజాడ దయ్యానికి వైద్యం చెప్పలేదు, దయ్యం పుట్టిన తల్లివేరు చూపించాడు. గవరయ్యను చూసి నవ్వించి వదిలిపెట్టి ఉంటే అది ప్రహసనం మాత్రమే అయివుండేది.

రెండవది 'పూర్ణమ్మ'. ముసలివాడికి డబ్బుకోసం కట్టబెట్టబడిన పిల్ల. అత్తవారింటికి పంపే వేళ అన్నదమ్ములను పిలిచి తన మనసులో మాటలు చెబుతుంది. పూలు పూసే వేళల దుర్గను కొలవమంటుంది. అందరూ కలిసి నవ్వుకొనే వేళ తనను తలుచుకోమంటుంది. తమకు పుట్టే బిడ్డలలో ఒకతెకు తన పేరు పెట్టమంటుంది. సాయంత్రం కొలను గట్టున ఉన్న దుర్గ కోవెలకు ఒంటరిగా పోతుంది. తిరిగి రాదు. ఆమె సోయగం కొలనిలోని పూలలోనూ హంసలలోనూ కలిసిందంటాడు కవి. ఆమె దుర్గను చేరిందంటాడు.

నీటిలో కలిసిన ఆడపిల్ల దేవతగా మారడం ఆ ఊరివారు పుట్టిననాటినుంచి వింటున్న కథ. పెద్దచెరువు పైడితల్లి కథకూ కొలనిలోని పూర్ణమ్మకూ అనుకరణ సంబంధం అంటగట్టను, అక్కరలేదు. రెండూ ఒక నేల మీద మొలిచినవి. అన్నదమ్ముల మీద పెట్టుకొన్న ఆశ రెంటిలోనూ ఉన్నది. మగవారు వినకపోవడం రెంటిలోనూ ఉన్నది. చివరకు నీరు, ఆ పైన అమ్మవారు. పేరు పెట్టమన్న ఆ చివరి కోరికను కూడా చూడండి. మన జిల్లాలలో ఏ వీధిలో పిలిచినా పలికే పైడిరాజులు, పైడమ్మలు, పైడితల్లులు ఎవరు? ఊరు ఆ పిల్ల కోరిక తీరుస్తూనే ఉన్నది. అసిరితల్లి పేరు పెట్టుకొన్న అసిరిగాడు లుబ్ధావధాన్లు ఇంట్లోనే నౌకరు. జానపదుడు చచ్చిపోయినవారిని గుడిలో మాత్రమే దాచలేదు, పిల్లల పేర్లలో దాచాడు. గురజాడ ఈ సంగతి ఎరిగిన కవి.

అయితే తేడా ఎక్కడ? జానపద కథలో పిల్ల దేవత కాగానే నేరస్తుడికి విమోచనం దొరుకుతుంది. కొబ్బరికాయ కొడితే ఋణం తీరుతుంది. గురజాడ అలా తీరనివ్వడు. తండ్రి డబ్బు తీసుకొన్న సంగతి పద్యం చివరిదాకా మన చెవిలో మోగుతూనే ఉంటుంది. దుర్గలో కలిసిందన్న మాట వినగానే చేయి జోడించం, తల దించుకొంటాం. అభ్యుదయ రచయిత జానపదం నుంచి తీసుకోవలసినదేమిటో, దానికి కలపవలసినదేమిటో ఈ ఒక్క గీతంలో ఉన్నది. తీసుకోవలసినది జ్ఞాపకం, కలపవలసినది కారణం.

మన పొరుగున సవరలు ఉన్నారు. శ్రీకాకుళం పక్క పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) వారి భాష నేర్చి, వాచకాలు వ్రాసి, నిఘంటువు కూర్చారు. తరువాత వెరియర్ ఎల్విన్ 1955లో వారి మతాన్నిగూర్చి పెద్ద గ్రంథం ప్రచురించాడు. పియర్స్ విటెబ్‌స్కీ 1993లో వారు మృతులతో జరిపే సంభాషణలనే ఒక పుస్తకంగా వెలువరించాడు. సవరలలో చనిపోయినవారు పూజారిణి నోట మాట్లాడతారు. ఎలా చచ్చిపోయారో చెబుతారు. అప్పు అడుగుతారు, ఆస్తి పంపకం అడుగుతారు, అలుగుతారు. బ్రతికినవారు ఎదురు చెబుతారు, బ్రతిమాలతారు, ఏడుస్తారు. మనం నాగరకులమనుకొనేవాళ్ళం మృతులకు పిండం పెట్టి మాట్లాడనివ్వకుండా పంపివేస్తాం. సవర మాట్లాడనిస్తాడు. తరువాతి తరం సవరలు చాలామంది క్రైస్తవులై ఆ సంభాషణ మానుకొన్నారని 2017లో అదే పరిశోధకుడు మరొక పుస్తకంలో వ్రాశాడు. మంచిదా చెడ్డదా అన్న తీర్పు సవరలే చెప్పుకోవాలి. సాహిత్యకారుడిగా నాకు తోచేది ఒకటి: మృతుడి ఫిర్యాదు వినే చోటు ఒకటి మూతపడినప్పుడల్లా సాహిత్యం పని కొంత పెరుగుతుంది.

ప్రపంచమంతటా ఈ ఋతువుకు ఈ గుణమే ఉన్నది. ఐర్లండులో పంటకాలం ముగిసి చలి మొదలయ్యే నవంబరు 1న సోవిన్ అనే పాతపండుగ ఉండేది. క్రైస్తవం ఆ తేదీకి సర్వ పరిశుద్ధుల దినం తెచ్చింది. ముందురాత్రి హాలోవీన్ అయింది. పందొమ్మిదో శతాబ్దంలో బీదరికంతో వలసపోయిన ఐరిష్ ప్రజలతోపాటు అమెరికా చేరి, దుంపలో తొలిచిన దీపం గుమ్మడికాయలోకి మారింది. ఇప్పుడది వర్తకం చేతిలో పడి ముఖానికి తొడుగు వేసుకొని మన పట్టణాల దుకాణాల్లోకి కూడా వస్తున్నది. దాన్ని పరాయి పండుగ అని తిట్టేవారు ఒక సంగతి గమనించాలి. కరువుకు వలసపోయిన బీదవాడి పెద్దల పండుగ సరుకుగా మారిన చరిత్ర మనకు పరాయిది కాదు. మన గోగుకాడ చోట టపాకాయ వచ్చి కూర్చొన్న చరిత్ర కూడా అదే.

మెక్సికో దేశం ఇంకొక దారి చూపించింది. అక్కడ నవంబరు 1, 2 తేదీలలో మృతుల పండుగ. హోసే గ్వాదలూపే పొసాద (1852-1913) అనే చిత్రకారుడు ఆ పండుగ పుర్రెలనూ ఎముకలగూళ్ళనూ తీసుకొని, వాటికి దొరసాని టోపీలు పెట్టి, చవక కాగితాలమీద అచ్చొత్తి వీధుల్లోకి వదిలాడు. పుర్రెకు వర్గం లేదు, టోపీకి ఉన్నది. ఆ బొమ్మ చూసి బీదవాడు నవ్వాడు. గవరయ్య సీసాకూ పొసాద పుర్రెకూ మధ్య సముద్రాలున్నా రెండూ ఒక కాలంలో ఒక పని చేశాయి. భయాన్ని నవ్వుగా మార్చి, భయపెట్టేవాడి టోపీ ఎగరగొట్టాయి.

ఇంతవరకు చెప్పినది గతాన్నిగూర్చి అనుకొనే పాఠకుడికి ఒక మాట. మన ఏజెన్సీ గ్రామాలనుంచి చిల్లంగి అనుమానంతో మనుషులను కొట్టిచంపిన వార్తలు ఇప్పటికీ పత్రికల్లో వస్తున్నాయి. ఇంట్లో జ్వరంతో బిడ్డ పోతుంది. వైద్యుడు దూరం, గవరయ్య దగ్గర. ఎవరో ఒకరి వైపు వేలు చూపిస్తాడు. ఆ వేలు తరచుగా ఒంటరి విధవ మీదనో, అండలేని ముసలివాడి మీదనో, భూమి తగాదా ఉన్న దాయాది మీదనో ఆగుతుంది. పొరుగున ఒడిశా రాష్ట్రం 2013లో ఈ హత్యాకాండను అరికట్టడానికి ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసివచ్చింది. గవరయ్య రంగస్థలంమీద దయ్యాన్ని సీసాలో బిగించాడు. బయట, మనిషినే బిగిస్తున్నాడు.

ఈ సందర్భంలో మన రెండు పక్షాలూ చాలవు. దయ్యం లేదని పట్నంలో సభపెట్టి తీర్మానించిన మిత్రుడు ఆ గ్రామానికి జ్వరం మందు చేర్చలేదు. మన సంస్కృతి అని పొంగిపోయే పెద్దమనిషి ఆ ముసలామె ఇంటి తలుపు దగ్గర నిలబడలేదు. జానపదంలో రెండు ధోరణులున్నాయని గుర్తించడం ఇక్కడ ప్రాణావసరం. ఒకటి, అన్యాయంగా చచ్చిన ఆడదాన్ని తల్లిని చేసి జ్ఞాపకం పెట్టుకొనే ధోరణి. రెండవది, బ్రతికున్న ఆడదాన్ని మంత్రగత్తెను చేసి చంపే ధోరణి. రెంటికీ మూలం ఒకే భయం. మొదటిదానిలో భయం నేరం చేసినవాడి వైపు తిరుగుతుంది. రెండవదానిలో దిక్కులేనివారి వైపు తిరుగుతుంది. మొదటిదాన్ని రెండవదానినుంచి విడదీసి చూపించడమే ఈ విషయంలో విమర్శకుడి కర్తవ్యం. మొత్తాన్ని ఒక మూటకట్టి పారవేసేవాడూ, మొత్తాన్ని ఒక మూటగా నెత్తికెత్తుకొనేవాడూ ఈ పని నుంచి తప్పించుకొంటున్నారు.

ఈ పని కష్టమే గాని అసాధ్యం కాదు. అమ్మవారి కథలు రాత్రంతా చెప్పడానికి వాడిన జముకును చేతబట్టి వంగపండు ప్రసాదరావు (1943-2020) రైతుకూలీ బాధలు పాడాడు. వాద్యం మారలేదు, శ్రోతలు మారలేదు, పాటలో కారణం వచ్చి చేరింది. గురజాడ గీతంలో చేసినది వంగపండు జముకు మీద చేశాడు.

కాబట్టి యువ రచయితలకు నా మనవి ఇది. మీ ఊరి పొలిమేరలో పేరంటాలు ఉంటే ఆమె కథ వ్రాసుకోండి. కథ చెప్పే ముసలమ్మ నోట వచ్చినది వచ్చినట్టు వ్రాసుకోండి. ఆమె ఏ ఇంటి కోడలు, ఎవరు ఆమె మాట వినలేదు, ఎవరి పొలం ఎవరికి పోయింది, ఈ వివరాలు తీసివేసి మహిమలు మాత్రం మిగిల్చే సంకలనాలు చాలా వచ్చాయి. మహిమలు లేకపోయినా ఫరవాలేదు. ఆ వివరాలు పోతే మాత్రం ఆమె రెండవసారి చచ్చిపోతుంది. ఎవరిమీదనైనా చిల్లంగి నింద పడితే ఆ కథ కూడా వ్రాయండి. అయితే అది వ్రాయడానికి ఆమె చనిపోయేదాకా ఆగవద్దు. ఆమె బ్రతికి ఉండగానే ఆ గుమ్మంలోకి వెళ్ళండి.